ఎనభై కుండల పరీక్ష

శంఖపురానికి ఏడు ద్వారాలు. ఆరు మూసేశారు. ఏడోది శవాల కోసం తెరిచి ఉంచారు.

ఒకప్పుడు ఆ పట్టణం చూడడానికి రెండు కళ్ళు చాలేవి కావు. చంద్రకాంత శిలల మేడలు, మేడల మీద బంగారు కలశాలు, కలశాల మీద వాలే పంచవన్నెల చిలకలు. వీధి మొదట్లో పన్నీటి తొట్టి, వీధి చివర మల్లెల అంగడి. సాయంత్రమైతే అగరు పొగలో ఊరంతా తేలుతున్నట్టు ఉండేది. ఇప్పుడు కలశాల మీద రాబందులున్నాయి. మల్లెల అంగట్లో కట్టెలు పేర్చారు.

నీలిజ్వరం వచ్చి నలభై రోజులు. ముందు గోళ్ళు నీలమవుతాయి. తర్వాత పెదవులు. తొమ్మిది రోజులు దాటినవాడు బతికినట్టు. కొందరు దాటారు, కొందరు పోయారు. దాటినవాళ్ళు ఎందరో ఎవరూ చూడలేదు. అందరూ శవాలనే చూశారు.

అటువంటప్పుడు పొగకొండ నుంచి ఉల్కాముఖుడు దిగాడు. ఎనిమిది నల్ల దున్నలు లాగే ఇనుప రథం. మోకాళ్ళ దాకా పొగలాగా కదిలే గడ్డం. ఒక కన్ను మామూలుది, ఒక కన్ను పచ్చరాయి. అతను నడిచిన చోట గడ్డి మాడిపోయింది. జ్వాలారసం అని నల్లటి రసం తెచ్చాడు. అంగడిలో యాభై మంది రోగులకు తాగించాడు. పదిరోజులకు పద్నాలుగు మంది లేచారు. లేచినవాళ్ళను రథం ముందు ఆడించాడు. లేవనివాళ్ళను అడిగితే, "ఆలస్యంగా తాగారు" అన్నాడు. జనం జేజేలు కొట్టారు.

ఊరంతటికీ రసం ఇస్తానన్నాడు. అందుకు మూడు వందల మంది యువకులు కావాలన్నాడు. ఇరవై ఏళ్ళు నిండి, ఒంటి మీద గాయం లేనివాళ్ళు. కొండలోకి తీసుకుపోతాడు. మళ్ళీ రారు.

మహారాజు కనకసేనుడు ఒప్పుకున్నాడు. మూడు వందల మందిని ఏరారు. గుండ్లు గీయించి, పసుపు పూసి, కోటలో కుస్తీలు పట్టే మల్లసాలలో పెట్టి తాళం వేశారు.

అప్పుడు రాజవైద్యురాలు గౌరసాని సభకు వచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి. చేతికర్ర లేదు, భయం లేదు.

"మహారాజా, రసం తాగినవాళ్ళలో పద్నాలుగు మంది లేచారు. తాగకపోతే ఎందరు లేచేవాళ్ళు?" అంది.

"తాగకపోతే ఎవరు లేస్తారమ్మా?"

"అదే నాకూ తెలియదు. తెలియకుండా మూడు వందల మంది పిల్లల్ని కొండకు మేపుతామా?"

ఉల్కాముఖుడు పళ్ళు బయటపెట్టాడు. "అయితే కొందరికి మందు మానేసి చూడు ముసలిదానా. మందు లేదని తెలిసిన మరుక్షణం బెంగతో చస్తారు. ఆ పాపం నీది."

"బెంగ చంపుతుందనీ, ఆశ లేపుతుందనీ నాకూ తెలుసయ్యా. అందుకే రెండూ సమానంగా పంచుతాను. ఎనభై మంది రోగులు. ఎనభై కుండలు. నలభైలో నీ రసం. నలభైలో మాడ్చిన బియ్యపు గంజి, వేపచెక్క కషాయం. రంగు ఒకటే, చేదు ఒకటే. తాగేవాడికి తెలియదు. పోసేవాడికి తెలియదు. నాకూ తెలియదు."

"నీకెందుకు తెలియకూడదు?" అన్నాడు రాజు.

"తెలిస్తే నా కళ్ళు నాకు కావలసిందే చూస్తాయి ప్రభూ. ఇతని మందు తాగినవాడు దగ్గితే చావు దగ్గు అంటాను. గంజి తాగినవాడు దగ్గితే గొంతులో మెతుకు అంటాను."

కొంగు చాటు నుంచి రెండు దొప్పలు తీసింది. "నీ రసం ఏదో నువ్వే చెప్పు చూద్దాం" అని అతని ముందు పెట్టింది. ఉల్కాముఖుడు రెండూ నాలుక మీద వేసుకున్నాడు. కుడిచేతి దొప్ప ఎత్తి చూపాడు. అది గంజి. సభలో ఒక భటుడు కిసుక్కున నవ్వాడు. పచ్చరాయి కన్ను అటు తిరిగింది. భటుడి మీసం భగ్గుమని అంటుకుంది.

"సరే. నువ్వు ఓడితే నీ కుడిచెయ్యి నాకు" అన్నాడు మాంత్రికుడు.

"నీ రసం గంజిని మించకపోతే గెలుపు నాది. అప్పుడు ఆ మూడు వందల మందినీ వదిలి నీ దారిన నువ్వు పో."

"పోతాను."

అలా పందెం కుదిరింది.

కుండలు చేసే పని పోలనకు అప్పగించారు. కోట కుమ్మరి. ముప్పై దాటలేదు. మాట తక్కువ, పని గట్టి. గౌరసాని అతని సారె పక్కనే కూర్చుని చెప్పింది.

"ఒరే పోలా, నలభై కుండల అడుగు మట్టిలో ఎర్ర పూస పెట్టు. అందులో రసం. నలభైకి తెల్ల పూస. అందులో గంజి. పూస మట్టిలో కూరుకుపోవాలి. కుండ పగిలితేనే కనపడాలి."

"అట్లాగే అవ్వా."

"అన్నీ ఒక్క ఆవంలోనే కాల్చు."

పోలన తల ఊపాడు. కానీ ఒక్క ఆవంలో పేరిస్తే ఏది ఎర్ర పూసదో ఏది తెల్ల పూసదో కలిసిపోతుందని భయపడ్డాడు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేసే మనిషి. అందుకని ఎర్ర పూసలవి ఒకనాడు కాల్చాడు. తెల్ల పూసలవి మర్నాడు కాల్చాడు. రెండోనాడు గాలి ఎక్కువైంది. మంట ఎక్కువైంది. చూపుకు తేడా లేదు. వేలితో కొడితే మాత్రం తెల్ల పూసల కుండలు ఖంగుమన్నాయి. ఎర్ర పూసలవి కాస్త బొంగురుగా పలికాయి. అది కుమ్మరి చెవికి తప్ప ఇంకెవరికీ అందదు. అతను ఆ సంగతి అవ్వకు చెప్పలేదు. చెప్పాలని తోచలేదు.

కుండలు నింపి, మూతులకు మైనం పట్టించి ఇచ్చాడు. వెంటనే అతన్ని కోట తూర్పు బురుజులో పెట్టి తాళం వేశారు. పరీక్ష అయ్యేదాకా ఏ మనిషితోనూ మాట్లాడకూడదని ఆజ్ఞ.

ఏనుగుల శాల ఖాళీ చేయించి రోగులను పడుకోబెట్టారు. గౌరసాని ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని చెప్పింది. "సగం మందికి మందు ఉండదు. ఎవరికో నాకూ తెలియదు. ఇష్టమైతే చేతిలో చెయ్యి వెయ్యండి. లేకపోతే లేదు, కోపం లేదు." కొందరు గోడ వైపు తిరిగి పడుకున్నారు. వాళ్ళను వదిలేసింది. మల్లసాలలో కొడుకులున్నవాళ్ళు ముందు చెయ్యి వేశారు. ఎనభై మంది అయ్యారు. కుండల మీద దుప్పటి కప్పి, చేతికి దొరికినది దొరికినట్టు పంచారు. కుండ మెడకు తాగేవాళ్ళ పేరు రాసిన గుడ్డపీలిక కట్టారు. రోజుకు మూడు గుక్కలు.

మూడోనాడు అన్నం తెచ్చిన కావలివాడు కిటికీలో ముంత పెట్టి కదలలేదు.

"ఏంటి మామా?" అన్నాడు పోలన.

"నీతో మాట్లాడకూడదురా. నేను గోడతో చెబుతున్నా. మాచమ్మ ఏనుగుల శాలలో పడి ఉంది. నిన్ను ఇక్కడ పెట్టిన రోజే గోళ్ళు నీలమయినాయి."

మాచమ్మ పోలన భార్య.

అది మిట్టమధ్యాహ్నం. బురుజు మీద భటులు ఎండకు డాళ్ళు అడ్డం పెట్టుకుని జోగుతున్నారు. పోలన ముంతలో అన్నం ముట్టుకోలేదు. బురుజు మూలన మంచినీళ్ళ కాగు ఉంది. నీళ్ళు పారబోశాడు. బురుజు అడుగున కందకంలోకి తెరుచుకునే తూము ఉంది. ఇనుప కమ్మీ తుప్పు పట్టి ఉంది. కాలితో తన్ని వంచాడు. ఒళ్ళు గీరుకుపోయింది. కాగుతో సహా నీళ్ళలో పడ్డాడు.

ఆ కందకం మామూలుది కాదు. నలభై బారల వెడల్పు. పాచి పట్టిన నీళ్ళు మరకతం కరిగించి పోసినట్టు పచ్చగా ఉంటాయి. ఆ పచ్చదనం కింద పాత రాజుల కాలం నాటి మొసళ్ళు. పోలన కాగు తల మీద బోర్లించుకుని, ముక్కు దాకా మునిగి, మెల్లగా కాళ్ళాడించాడు. పైనుంచి చూస్తే కొట్టుకుపోతున్న కాగే.

"కాగు పోతోందిరా" అన్నాడు ఒక భటుడు.

"కొట్టు చూద్దాం. తగిలితే నా తాంబూలం నీకు."

మొదటి రాయి పక్కన పడింది. రెండోది కాగును పగలగొట్టింది. పెంకు నుదుట్లో దిగింది. నెత్తురు నీళ్ళలో కలిసింది. మొసలి కదిలింది. పోలన ఇక దాక్కోలేదు. బారలు వేశాడు. మొసలి నోరు తెరిచింది. చేతిలో మిగిలిన కాగు మూతి వలయం ఆ నోట్లో నిలువుగా కూరాడు. అది తల విదిలించుకునే లోపల గట్టెక్కాడు. భటులు మళ్ళీ డాళ్ళ నీడకు చేరుతూ, "మొసలి ఏదో పట్టిందిరా" అనుకున్నారు.

ఏడో ద్వారం దగ్గర పాడెలు వరసగా వస్తున్నాయి. పోలన తలగుడ్డ ముఖానికి చుట్టుకున్నాడు. మోసేవాళ్ళు అందరూ అలాగే చుట్టుకున్నారు. శాల వైపు ఖాళీగా వెళ్ళే పాడె ఒకటి కనపడింది. ముందు కొమ్మ పట్టుకుని ఒకడే ఈడుస్తున్నాడు. పోలన వెనక కొమ్మ అందుకున్నాడు.

"ఎవరన్నా నువ్వు?" అన్నాడు ముందువాడు వెనక్కి తిరగకుండా. ఒక కన్నుకు గుడ్డ కట్టుకుని ఉన్నాడు.

"మోసేవాణ్ణి."

"లోపల నీవాళ్ళెవరైనా ఉన్నారా?"

పోలన కొమ్మ భుజానికి ఎత్తుకున్నాడు.

"నాకైతే ఎవరూ లేరన్నా. ఆ కుమ్మరి సంగతి విన్నావా? వాడి పెళ్ళాం ఇక్కడే ఉందంట. ఏ కుండలో ఏముందో వాడొక్కడికే తెలుసంట. ఆ పిల్లకు గంజి పడిందో ఏమో. తన చేత్తో చేసిన కుండే పెళ్ళాన్ని చంపుతుంటే, వాడు బురుజులో కూర్చుని ముద్దలు మింగుతున్నాడు. ఏం మగాడన్నా వాడు?"

అంత ఎండలో ముందువాడి వీపు మీద చెమట చుక్క లేదు. పోలన అది చూడలేదు.

శాల లోపల ఏనుగులు కట్టే రాతి స్తంభాలకు గొలుసులు వేలాడుతున్నాయి. గొలుసుల కింద మనుషులు. ఎనభై మంది తలల దగ్గర ఎనభై కుండలు. మాచమ్మ పెదవులు ఇంకా నీలం కాలేదు. కళ్ళు తెరిచింది.

"నిన్ను వదిలారా?"

"ఊఁ."

కుండ మీద వేలి కణుపుతో కొట్టాడు. ఖంగుమంది. గంజి. పక్క చాప మీద ఎల్లక్క నిద్రపోతోంది. గాజులమ్ముకునే విధవరాలు. ఆమె ఒక్క కొడుకు బయ్యన మల్లసాలలో ఉన్నాడు. పోలన ఆమె కుండ మీద కొట్టాడు. బొంగురుగా పలికింది.

గుడ్డపీలికలు విప్పి అటుది ఇటు, ఇటుది అటు కట్టాడు. కుండలు మార్చాడు.

"అది ఎల్లక్కది" అంది మాచమ్మ.

"తెలుసు."

"పెట్టెయ్. పాపం."

"నోర్ముయ్. తాగు."

తాగించాడు. మూడు గుక్కలు. చీకటి పడేదాకా గట్టున నక్కి, కందకం దాటి, ఆ తూములోంచే మళ్ళీ బురుజులోకి వెళ్ళిపోయాడు. వచ్చేటప్పుడు ఆ ముందువాడు ఎక్కడా కనపడలేదు.

పదోనాడు మల్లసాల ముందు అంగణంలో సభ తీర్చారు. ఎర్ర పూసలకు ఒక బుట్ట, తెల్ల పూసలకు ఒక బుట్ట. ఎడమ వైపు చచ్చినవాళ్ళ కుండలు. కుడి వైపు బతికినవాళ్ళవి. పగలగొట్టడానికి పోలనను తెచ్చారు.

బతికినవాళ్ళు ముందుకొచ్చి కుండలకు అడ్డం పడ్డారు. "కుండ పగలగొట్టేది శ్మశానంలో. మేం బతికే ఉన్నాం కదా తల్లీ" అని ఒకటే గోల. గౌరసాని ఒక కుండ తీసుకుని తన కాళ్ళ మీదే పగలగొట్టుకుంది. "నేనూ బతికే ఉన్నాను. జరగండి" అంది. జరిగారు.

ముందు ఎడమ వైపు. పోలన ఒక్కొక్కటే ఎత్తి, పేరు చదివించి, రాతికి కొట్టాడు. ఎర్ర పూస. ఎర్ర పూస. తెల్ల పూస. ఎర్ర పూస. పన్నెండో కుండ ఎత్తాడు. లేఖకుడు పీలిక చూసి చదివాడు.

"మాచమ్మ. ఏడోనాడు పోయింది."

బురుజులో ఎవరూ అతనికి చెప్పలేదు. పోలన కుండ రాతికి కొట్టాడు. పెంకుల్లోంచి పూస తీశాడు. ఎర్ర బుట్టలో వేశాడు. పదమూడో కుండ అందుకున్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఎనభై పగిలాయి. గౌరసాని లేఖకుడు రాసిన లెక్క చూసి చెప్పింది. గొంతు ఎత్తలేదు.

"రసం తాగిన నలభై మందిలో ఇరవై తొమ్మిది మంది పోయారు. గంజి తాగిన నలభై మందిలో పద్దెనిమిది మంది పోయారు. గంజి ఎవరినీ బతికించలేదు మహారాజా. గంజి వాళ్ళ జోలికి పోలేదు, అంతే. ఇతని రసం చంపుతోంది."

మల్లసాల కమ్మీల వెనక మూడు వందల గొంతులు ఒక్కసారి అరిచాయి. తల్లులు తాళం మీద పడ్డారు.

ఉల్కాముఖుడు నవ్వాడు. "ఒక్క మాట. కుండలు చేసిన చెయ్యి కుండలు మార్చింది. ఎల్లక్క కుండ మాచమ్మకు పోయింది. నేను పాడె కొమ్మ పట్టుకుని వెళ్ళి నా కంటితో చూశాను. కావాలంటే అడగండి."

పోలన ఆ గొంతు పోల్చుకున్నాడు. చేతిలో పెంకు నలిగిపోయింది. రాజు అతని వైపు తిరిగాడు. కాదు అంటే చాలు. మూడు వందల మంది ఇళ్ళకు పోతారు.

గౌరసాని అతని దగ్గరకు వచ్చింది. "నిజం చెప్పరా పోలా. ఇందులో అబద్ధం కలిపితే మన లెక్క కూడా వాడి రసం లాంటిదే అవుతుంది."

"మార్చాను" అన్నాడు పోలన.

తల్లులు తాళం వదిలేశారు.

"ఒక్క కుండ ప్రభూ!" అంది గౌరసాని. "ఆ ఒక్కటీ అటుది ఇటు వేసుకోండి. ఇరవై ఎనిమిది, పంతొమ్మిది. అయినా తొమ్మిది ప్రాణాల తేడా!"

"ఒకటి మార్చినవాడు పది మార్చి ఉండడా?" అన్నాడు మాంత్రికుడు.

"కుండ మారిన పరీక్ష పరీక్ష కాదు" అన్నాడు రాజు. చేతులు ఉత్తరీయంలో దాచుకున్నాడు. కానీ గౌరసాని అప్పటికే చూసింది. రాజు గోళ్ళు నీలంగా ఉన్నాయి. అతనికి పరీక్ష అక్కరలేదు. రసం కావాలి.

అక్కడికక్కడే గౌరసాని కుడిచెయ్యి నరికారు. ఆమె అరవలేదు. తెగిన చోట తనే కొంగు చుట్టుకుంది. ఆ గోలలో పోలనను ఎవరూ పట్టించుకోలేదు.

మల్లసాల తలుపులు తీసి యువకులను బారుగా తాడుకు కట్టారు. తల్లులు కడసారి పెరుగన్నం పెట్టుకోవచ్చని రాజు దయతలిచాడు. ఎల్లక్క వచ్చింది. పది రోజుల జ్వరానికి పుల్లలా అయిపోయింది. పోలన ఎదురుపడితే ఆగింది.

"నా కుండ దొంగిలించి నన్ను బతికించావు నాయనా. నీ వల్లే నా బిడ్డ పోతున్నాడు. నిన్ను తిట్టాలో దణ్ణం పెట్టాలో చెప్పు."

గౌరసాని గోడకు చేరగిలబడి ఉంది. ముఖం పిండిలా ఉంది. పోలనను దగ్గరకు పిలిచింది.

"కొండలో ఆ రసం దేనితో కాస్తాడో ఎవరూ చూడలేదు. పోయినవాడు తిరిగొచ్చి చెప్పాలి. వింటున్నావా?"

"పోతానవ్వా."

ఆ సందట్లో గుండు గీసుకోవడం ఎంతసేపు? నుదుటి గాయం కనపడకుండా పసుపు పూసుకోవడం ఎంతసేపు? ఎల్లక్క అన్నం ముద్దలు కలుపుతూ కొంగు పరిచి కూర్చుంది. కొంగు ఎత్తేసరికి బయ్యన లేడు. అతని తాడు ముడిలో పోలన చెయ్యి ఉంది. భటుడు చూశాడు. ముఖం తిప్పుకున్నాడు. వాడికి మీసం లేదు.

పొగకొండ దూరానికి పడుకున్న ఏనుగులా కనపడుతుంది. దగ్గరికి పోతే అది రాయి కాదు, బూడిద గడ్డ. నెర్రెల్లోంచి నీలిరంగు ఆవిరి పైకి లేచి, గాలి ఎటు వీస్తే అటు ఊళ్ళ మీదికి పోతూ ఉంటుంది. ఉల్కాముఖుడు చెయ్యి ఎత్తాడు. రాతి నోరు తెరుచుకుంది. తాడు లోపలికి సాగింది. చివరి యువకుడు లోపల అడుగు పెట్టగానే నోరు మూసుకుంది.

లోపల తాటిచెట్టంత ఎత్తు కాగులు నూరు ఉన్నాయి. ప్రతి కాగు చుట్టూ గుండ్లు గీసిన యువకులు బారుతీరి కూర్చుని ఉన్నారు. వెనకటి రాజ్యాల నుంచి తెచ్చినవాళ్ళు. గోళ్ళు నీలం, పెదవులు నీలం. చావరు, లేవరు. వాళ్ళ ఊపిరి గొట్టాల గుండా నెర్రెల్లోకి పోతోంది. వాళ్ళ చెమట కాగుల్లోకి జారుతోంది.

పోలనకు అర్థమైంది. జ్వరం పుట్టేది ఇక్కడే. దాని మందు కాచేదీ ఇక్కడే.

"మొదటివాణ్ణి విప్పండి" అన్నాడు ఉల్కాముఖుడు తన కింకరులతో.

వాళ్ళు అతని ముఖం మీదికి గొట్టం దించారు. పిల్లవాడు అమ్మా అని ఒక్క కేక వేశాడు. గోళ్ళు నీలమయ్యాయి. కేక ఆగిపోయింది.

పోలన వరుసలో ఏడోవాడు. ఎదురుగా కాగు. తాడు మణికట్టు దగ్గర బిగిసి ఉంది. తిరిగెళ్ళి అవ్వకు చెప్పాలి. పళ్ళతో పట్టి కొరకడం మొదలుపెట్టాడు.

ఆరోవాడి ముడి విప్పారు.